బెదురు సున్నా

రోజు 22

ఈ రోజు కోడిపుంజు ముక్కుకి గుడ్డ కట్టాం. ఊరు మొత్తానికి మిగిలిన ఒక్క పుంజు. అది కూస్తే కణుజు దుప్పి రాదు, కణుజు రాకపోతే బొమ్మ పడదు, బొమ్మ పడకపోతే ఊరుండదు. కుక్కల్ని మొదటి రోజే అవతలి కొండకి తోలేశాం. ఆవుల మెడల్లో గంటలు విప్పి అటకెక్కించాం. పిల్లలకి గుసగుసగా దెబ్బలాడుకోవడం నేర్పాం.

సాయంత్రం ఆరో బొమ్మ పడింది. ముళ్ళపంది. గడపకి ఇరవై రెండు అడుగులు, బెదురు ఎనిమిది.

ఈ చిట్టాలో రోజుకి నాలుగు గళ్ళు నింపాలి: జంతువు, దూరం, బెదురు, వాతావరణం. అయిదో గడి 'ఇతర విశేషాలు'. దాన్ని అద్దాలపట్నంలో ఎవరూ చదవరని పాత గుమస్తా చెప్పి పోయాడు. అందుకే నేను అందులోనే రాస్తున్నాను. చదవని వాళ్ళతో వాదించడం నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళు పత్రికల్లో చేసింది అదే.

చదవని మహానుభావులారా, మీ నిబంధనలు మీకే ఓసారి గుర్తు చేస్తాను. చలికాలంలో నలభై రోజులు బొమ్మల కారు. ఏడు బొమ్మలు కావాలి. ఒక్కోదాంట్లో ఒక అడవి జంతువు, మనిషి గడపకి అరవై అడుగుల లోపల, బెదరకుండా నిలబడాలి. కెమెరా దాని చెవులూ కళ్ళూ తొడ కండరాలూ చూసి సున్నా నుంచి వంద దాకా బెదురు అంకె వేస్తుంది. పది దాటకూడదు. తొమ్మిది లెక్కపెట్టేదాకా ఆ అంకె నిలవాలి, అప్పుడే బొమ్మ పడుతుంది. ఏడూ పడితే ఊటగరువు ఇంకో ఏడాది కొండ మీద ఉంటుంది. లేకపోతే ముప్పై ఎనిమిది మందీ మీ పట్నం నేలమాళిగల్లోని 'కింది వసతి'కి దిగాలి. పోయినేడు పక్క కొండ ఊరు దిగింది. అక్కడ చలి లేదట, కిటికీ కూడా లేదట.

ఏడో బొమ్మ పడేదాకా నిప్పు నిషేధం. మధ్యాహ్నం ఒక గంట వంటపొయ్యి వెలిగించుకోవచ్చు. వేళ తప్పి ఏ ఇంట్లో పొగ లేచినా ఆ కారు బొమ్మలన్నీ రద్దు. పొద్దున నీళ్ళతొట్టి మీద గాజులా మంచు పేరుకుంటున్న కొండ మీద, నిప్పు నిషేధం.

ఇక నా సంగతి. మీ సహజీవన చట్టం మొదటి పుటలో ఒక వాక్యం ఉంది: 'మనిషిని చూసి బెదరని జంతువే ఆ సమాజపు నాగరికతకి కొలత.' అది నాది. వేటగాళ్ళ మీదా గనులవాళ్ళ మీదా కోపంతో ఇరవై ఏళ్ళ కింద రాశాను. గనులవాళ్ళు పట్నం వెళ్ళి అద్దాల మేడలు కట్టుకున్నారు. నా వాక్యాన్ని మాత్రం ఇక్కడి వాళ్ళ మెడకి కట్టారు. ఇలా వాడొద్దని మళ్ళీ రాశాను. అప్పుడు నన్నే ఇక్కడికి గుమస్తాగా పంపారు. ఊళ్ళో వాళ్ళు నన్ను బొమ్మలమ్మ అంటారు.

ఇంకొక్క బొమ్మ.

రోజు 24

సుక్రమ్మ ప్రసవించింది. మగపిల్లాడు. నొప్పుల్లో అరవకుండా చీరకొంగు కొరికింది. కొంగు చిరిగింది. ఊరంతా చేతులతో నోళ్ళు మూసుకుని సంబరపడింది.

చూడబోతే, నేను పలకరించేలోపే తనే గుసగుసగా మొదలెట్టింది. "బొమ్మలమ్మా, నానెంత గమ్మున కన్నానో సూసినావా? కణుజు కూడా ఇలగ కనదు. నన్నొక బొమ్మ తియ్యి. నానూ బెదర్ను."

సరదాకి కెమెరా ఆమె వైపు తిప్పాను. 'ఈ ప్రాణి జాబితాలో లేదు' అంది అది, ఎంతో మర్యాదగా.

సుక్రమ్మ పొట్ట పట్టుకుని చప్పుడు రాకుండా నవ్వింది. "సూసినావా అత్తా! నీ కోడలు జాబితాలో నేదట!"

"మరే," అంది అత్త మంగులమ్మ. "నా గుమ్మంలో అడుగెట్టిన్నాడే ఆ ముక్క నాను సెప్పినాను."

మంగులమ్మ ఈ ఊరి మంత్రసాని. కోడలికి తనే పురుడు పోసింది. బిడ్డతో పడిన మాయని ముంతలో పెట్టి గడపకి ఎడమ పక్కన పాతింది. ఇక్కడ అందరూ అంతే చేస్తారు. దాని మీద పదకొండు రోజులు నిప్పు ఆరనివ్వరు. ఆ నిప్పులే కుంపట్లోకి తీసి బాలింత మంచం కింద పెడతారు. మొగుడు ఆ పదకొండు రోజులూ ఇంకో ఇంట్లో పడుకుంటాడు.

మంగులమ్మ మట్టి కప్పి, కాలితో అదిమింది. "నిప్పేదీ?" అంది. నన్నే అడిగింది.

రోజు 25

మినహాయింపు కోసం కెమెరా ద్వారా దరఖాస్తు పెట్టాను. నా బతుకులో ఇంత వినయంగా ఏదీ రాయలేదు. జవాబు వెంటనే వచ్చింది.

'గుమస్తా మందాకిని గారూ, బాలింత పరిస్థితి మాకు అర్థమైంది. మినహాయింపుకి అవకాశం ఉంది. నిప్పు వెలుగుతుండగా అరవై అడుగుల లోపల బెదరని జంతువు ఉన్న బొమ్మ ఒకటి జతపరచండి.'

"నిప్పు వెలిగించడానికే కదా అనుమతి అడుగుతున్నది?"

'అవును.'

"అనుమతి లేకుండా వెలిగిస్తే బొమ్మలన్నీ రద్దు కదా?"

'అవును.'

"మరి ఆ బొమ్మ ఎలా తీయను?"

'మీ ప్రశ్న విలువైనది. బొమ్మ జతపరచండి.'

గట్టిగా తిట్టాలనిపించింది. కొండవాలు మీద ఏదో కదులుతోంది, అందుకని నోట్లోనే తిట్టాను. చూస్తే ఎండుటాకు.

రోజు 27

వంటపొయ్యిల గంటలో సభ పెట్టాం. ఆ గంటలోనే మనుషులు మామూలు గొంతుతో మాట్లాడతారు.

మంగులమ్మ లేచింది. "నాకు మాటలు రావు. గుంటడు రాయిలాగ సల్లగున్నాడు. ఆడికి నిప్పు కావాల. పురుటి గుమ్మానికీ నిప్పు కావాల. నిప్పు నేకపోతే ఆ వాసనకి అది వొస్తాది."

"ఏది?" అన్నాను.

"దాని పేరు నానెత్తను."

నేను నవ్వాను. ఎలా నవ్వకుండా ఉంటాను? పేరు పలికితే వచ్చేవాటి మీదా, చూపు తగిలితే చచ్చేవాటి మీదా ముప్పై ఏళ్ళు వెక్కిరిస్తూ రాసిన చెయ్యి ఇది. లేచి మాట్లాడాను. ఇంకొక్క బొమ్మ పడితే ఊరంతటికీ నిప్పు వస్తుంది, దొంగ నిప్పు కాదు, హక్కున్న నిప్పు. ఈ రోజే వెలిగిస్తే మూడు రోజులు కాచుకుంటాం, తర్వాత ఇదే గుంటడు కిటికీ లేని గదిలో పెరుగుతాడు, పక్కన పదకొండుమంది పిల్లలు పెరుగుతారు. నాలుగు రోజులు ఓపిక పట్టండి. ఆడవాళ్ళంతా వంతులేసుకుని బిడ్డని ఒంటికి ఆనించుకుని కాపాడండి. మధ్యాహ్నం పొయ్యిలో రాళ్ళు కాల్చి గుడ్డలో చుట్టి మంచంలో పెట్టండి. ఉందో లేదో తెలియని, పేరు లేని ఒక భూతానికి భయపడి మొత్తం ఊరిని దించేస్తామా?

అద్భుతంగా మాట్లాడాను. చేతులెత్తమన్నాను. చెయ్యెత్తే వయసున్న ఇరవై ఆరుమందిలో ఇరవై అయిదు చేతులు లేచాయి. సుక్రమ్మ మొగుడు బుద్రన్న తల్లి వైపు చూసి, పెళ్ళాం వైపు చూసి, ఎత్తాడు. సుక్రమ్మ పురుటి గుమ్మంలోంచే చెయ్యి బయటికి పెట్టి ఊపింది.

మంగులమ్మ ఎత్తలేదు. గిన్నె తీసుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది. "నీకు మాటలు బాగొచ్చు బొమ్మలమ్మా."

మెచ్చుకుందనుకున్నాను.

రోజు 29

పొద్దున పొగమంచులో కణుజు వచ్చింది. యాభై అడుగులు, నలభై అయిదు, నలభై. బెదురు పదకొండు, తొమ్మిది, ఏడు. కెమెరా నా చెవిలో లెక్క మొదలుపెట్టింది. ఆరు దగ్గర సుక్రమ్మ కొడుకు ఏడ్చాడు.

బెదురు డెబ్బై ఒకటి. కణుజు లేదు.

 ఊళ్ళో అందరూ ఆ ఇంటి వైపు చూశారు, అంతే. వంటపొయ్యిల గంట వచ్చాక ఒకావిడ అననే అంది: "ఆ గుంటడి నోట్లో సన్నెట్టి ఉంచొచ్చు గదేటి?"

సుక్రమ్మ లోపల్నుంచి అంది: "నాకున్నయి రెండే పిన్నీ. మూడోది మీ ఇంట్లో ఉంటే అట్టుకురా."

పొయ్యిల దగ్గర నవ్వులు లేచాయి. తను నవ్విందో లేదో నాకు కనిపించలేదు. తడక వేసి ఉంది.

రోజు 31

బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి. పాలు తాగుతూ మధ్యలో మరిచిపోతున్నాడు. వంతుల ప్రకారం తొమ్మిదిమంది ఆడవాళ్ళు వాణ్ణి రొమ్ముకి కట్టుకుని కూర్చుంటున్నారు. నా వంతూ వచ్చింది. కడిగిన చిలకడదుంపని లోపల పెట్టుకున్నట్టుంది. ఇద్దరం కలిసి వణికాం.

నా వంతు అయ్యాక మంగులమ్మ నా మోచెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. గడపకి ఎడమ పక్క మట్టి గీరి ఉంది. మంచుకి బిగిసిన నేల మీద అడుగులు. గుండ్రంగా, నా అరచేతంత.

"సూడు."

"నక్క," అన్నాను.

"నక్కా?"

"నక్కే. కుక్కలు లేవు కదా, ఊళ్ళోకి వస్తున్నాయి."

ఇక్కడ అబద్ధం రాయను. ఎలాగూ చదవరు, ఇక అబద్ధం ఎవరి కోసం? ఆ అడుగుల్లో గోళ్ళ గుర్తులు లేవు. నక్కకైతే ఉంటాయి. పిల్లిజాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుందని పిల్లల కోసం నేనే ఒక పుస్తకంలో రాశాను. ఆ అడుగు ఏమిటో నాకు తెలిసింది. చెబితే ఆ క్షణమే నిప్పు వెలుగుతుంది. ఆరు బొమ్మలు పోతాయి, ఊరు దిగిపోతుంది. ఇంకో సంగతి కూడా నా బుర్రలో మెదిలింది, దాన్నీ రాస్తాను: పులిజాతికి బెదురు తక్కువ.

మధ్యాహ్నం, కెమెరాతో నేను పొంచి ఉండే మాటుని మార్చాను. గడ్డివామి వెనక, సుక్రమ్మ గడపకి సరిగ్గా ఎదురుగా, నలభై అడుగుల దూరంలో కూర్చునేలా. కణుజు ఇటే వస్తోంది కదా అని అందరికీ చెప్పాను. నమ్మారు. నా మాటలు బాగుంటాయి కదా.

రోజు 33. పొద్దున.

వెలుగొచ్చాక వచ్చింది. మంగులమ్మ ఊటకి నీళ్ళకి వెళ్ళింది. బుద్రన్న మూడిళ్ళ అవతల, తన చిన్నాన్న ఇంట్లో. పొగమంచు గడ్డివామి దాకా ఉంది.

మొదట వీపు కనిపించింది. గడపకి ఎడమ పక్క, తల దించుకుని తవ్వుతోంది. కెమెరా గుసగుసలాడింది: 'చిరుత. గడపకి రెండు అడుగులు. బెదురు సున్నా.'

సున్నా! నాలుగేళ్ళలో నేను సున్నా చూడలేదు. ఏ గుమస్తా చూడలేదు.

'ఒకటి. రెండు.'

మూడు దగ్గర నాకు ఊపిరి ఆడింది, బుర్ర పనిచేసింది. అరవాలి. అరిస్తే అది బెదురుతుంది. బెదిరితే బొమ్మ లేదు, నిప్పు లేదు. రేపో ఎల్లుండో బిడ్డ ఎలాగూ చలికి పోతాడు. అరవకపోతే? అది ముంత పెకలిస్తుంది, దొరికింది నోట కరుచుకుని పోతుంది. కడుపు నిండిన జంతువు మనిషి జోలికి రాదు. ఎంత శుభ్రమైన తర్కం! దాంట్లో ఇప్పటికీ ఒక్క లొసుగు చూపించలేను.

'నాలుగు. అయిదు.'

ముంత పగిలిన చప్పుడు.

'ఆరు.'

లోపల బిడ్డ ఏడ్చాడు.

'ఏడు.'

చిరుత తలెత్తింది. చెవులు ముందుకి. బెదురు సున్నా.

'ఎనిమిది.'

తడకని తలతో తోసింది. సగం లోపల, సగం బయట. తోక ఒక్కసారి అటూ ఇటూ ఊగింది.

'తొమ్మిది.'

బొమ్మ పడింది.

అప్పుడు అరిచాను. ఊరంతా లేచింది. ముప్పై మూడు రోజుల తర్వాత ఊటగరువు మొదటిసారి గొంతెత్తి అరిచింది. బుద్రన్న గొడ్డలితో పరిగెత్తాడు. చిరుత సుక్రమ్మని మెడ దగ్గర పట్టుకుని రాతిగోడ దాకా ఈడ్చింది. రాళ్ళు పడ్డాక వదిలి పోయింది. బిడ్డ మంచంలో ఉన్నాడు. వాణ్ణి గోడ వైపుకి తోసి, తను అడ్డం పడి ఉంటుంది.

సుక్రమ్మ వంటపొయ్యిల గంటకి ముందే పోయింది. ఏదో చెప్పాలని చూసింది, గొంతు లేదు.

నా చేతిలో కెమెరా అడుగుతోంది: 'అభినందనలు. ఏడో బొమ్మకి అన్ని అర్హతలూ ఉన్నాయి. పంపాలా?'

రోజు 33. మధ్యాహ్నం.

బుద్రన్న వచ్చి గడ్డివామి పక్కన నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఇంకా కడుక్కోలేదు.

"బొమ్మ పడినాదా?"

"పడింది."

"అయితే తొమ్మిది లెక్కెట్టినావు."

"కెమెరా పెట్టింది."

"నువ్వు అదేటో ఎన్నో లెక్క కాడ తెలుసుకున్నావు?"

ఒకటి దగ్గర. మొన్ననే, నిజానికి. "మూడు," అన్నాను.

అతను తల ఊపాడు. నేల వైపు చూస్తూ, కెమెరా పెట్టినంత నెమ్మదిగా, మొదలుపెట్టాడు.

"నాలుగు. అయిదు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది."

ఆగాడు.

"ఇంతసేపా?" అన్నాడు.

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే నా దగ్గర జవాబుంది: నీ కొడుకు కోసమే, నువ్వూ చెయ్యెత్తావు, ఊరు కోసం. కొట్టలేదు. లేచి సుక్రమ్మకి గొయ్యి తవ్వడానికి వెళ్ళిపోయాడు. ఆ జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

రోజు 34

బొమ్మ పంపలేదు. పంపకూడదని నిర్ణయించుకున్నాను. ఇందులో కూడా నాకొక వాదన ఉంది, వినండి: ఇది పంపితే సుక్రమ్మ చావుకి మనమే సాక్ష్యం ఇచ్చి, దాన్ని సహజీవనం అని ఒప్పుకున్నట్టు. ఒక మనిషి మెడ పోయిన క్షణాన్ని నాగరికతకి కొలతగా గోడకి తగిలిస్తారు. ఊరు దిగిపోయినా సరే, ఈ ఒక్కటి ఇవ్వకూడదు.

ఇదంతా మంగులమ్మకి చెప్పాను. ఆవిడ ఒళ్ళో మనవడు. మేకపాలలో గుడ్డపీలిక ముంచి నోట్లో పిండుతోంది. సగం కారిపోతున్నాయి.

"అయినాదా?" అంది.

"అయింది."

"ఆ బొమ్మ పంపితేనే గదా నిప్పిస్తారు?"

"అవును కానీ, అత్తా, అది పంపడమంటే మనం సంతకం పెట్టినట్టు..."

"సంతకం నువ్వు నిన్ననే ఎట్టినావు. నక్క అని సెప్పినావే, అప్పుడే ఎట్టినావు. నాకు కళ్ళు కనపడవనుకున్నావేటి?" గొంతు పెంచలేదు. "నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఊరంతా చెయ్యెత్తినాది గదా అని నిప్పెట్టకుండా ఊరుకున్నాను. నా కోడలు సచ్చిపోనాది. ఇప్పుడు ఈ గుంటడు కూడా ఊరికే సచ్చిపోవాలా? నీ మర్యాద కోసం?"

"నా మర్యాద కోసం కాదు..."

"పంపు."

పంపాను. వాదనలో ఓడిపోవడం ఇంత చప్పుడు లేకుండా జరుగుతుందని తెలీదు.

రోజు 36

జవాబు. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను. మీ మాటల్ని మీరైనా చదువుకుంటారేమో.

'గుమస్తా మందాకిని గారికి. ఊటగరువు ఏడో బొమ్మ ఆమోదించబడింది. చట్టం వచ్చాక బెదురు సున్నాతో నమోదైన తొలి బొమ్మ ఇదే. మానవ నివాసంలోకి ఇంత నమ్మకంగా అడుగుపెడుతున్న అడవి జంతువుని చూసి అద్దాలపట్నం పౌరులు కంటతడి పెట్టారు. నిన్నటి నుంచి ఇది లక్షా పదివేల గోడల మీద వెలుగుతోంది. తడక కింద కనిపిస్తున్న చెయ్యి చూపరుల ఏకాగ్రతకి భంగం కలిగిస్తున్నందున ఆ మేరకు అంచు కత్తిరించాం.

'గ్రామం మరో ఏడాది కొనసాగవచ్చు. జనాభా ముప్పై ఎనిమిది, మార్పు లేదని గమనించాం.

'నిప్పు విషయం. మామూలుగా ఏడో బొమ్మతో నిషేధం తొలగుతుంది. అయితే ఈ చిరుత ఇప్పుడు రక్షిత సాక్షి. దాని బెదురు సున్నాగానే ఉండేలా చూడటం గ్రామం బాధ్యత. కాబట్టి అది తిరిగే మేర నిప్పు, డప్పు, కుక్కలు, రాళ్ళు విసరడం ఇకమీదట శాశ్వతంగా నిషిద్ధం. ఉల్లంఘిస్తే ఏడు బొమ్మలూ రద్దవుతాయి.

'వచ్చే చలికాలంలో గ్రామంలో ప్రసవాలు ఉంటే తేదీలు ముందుగా తెలియజేయగలరు.'

ఇది వంటపొయ్యిల గంటలో అందరికీ చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర ఆగిపోదామనుకున్నాను. ఆగితే అది నా వంతు కత్తిరింపు అవుతుంది. చదివాను.

కొత్తగా పెళ్ళయిన ఒక పిల్ల లేచి ఇంట్లోకి పోయింది. మిగతా వాళ్ళు అన్నం తింటూ ఉండిపోయారు. మేకపాల గిన్నె పొయ్యి మీద ఉంది. గంట అయిపోయింది. అలవాటు కొద్దీ అందరూ పొయ్యిల మీద నీళ్ళు చల్లారు.

మంగులమ్మ చల్లలేదు.

రోజు 37

ఈసారి సభ జరగలేదు. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు, చేతులెత్తమని ఎవరూ అడగలేదు.

నిన్న ఆర్పని పొయ్యిలోని నిప్పుల్ని మంగులమ్మ రాత్రంతా బూడిద కింద దాచింది. ఇవాళ పొద్దు వాలకముందే ఆ నిప్పుల్ని పెంకులో పోసుకుని బయటికొచ్చింది. చిరుత తవ్విన గోతిలో ఎండుపుల్లలు పేర్చి, పైన నిప్పులు కుమ్మరించి, ఊదింది. పొగ లేచింది. నిటారుగా, తెల్లగా, ఎవరైనా ఎక్కడినుంచైనా చూడగలిగేంత ఎత్తుకి లేచింది. ఆవిడ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని దాని పక్కన కూర్చుంది.

బుద్రన్న వచ్చి ఒక కొరివి తీసుకుని చిన్నాన్న ఇంటికి పట్టుకెళ్ళాడు. పక్కింటావిడ ఒకటి తీసుకుంది. మూడో సన్ను గురించి మాట పడిన పిన్ని రెండు తీసుకుంది. పుంజు ముక్కుకి కట్టిన గుడ్డ ఎవరో విప్పేశారు. కాసేపటికి ప్రతి గుమ్మం ముందూ నెగడు. ఎవరో అటక మీంచి ఆవుల గంటలు దించారు. పిల్లలు వాటిని పట్టుకుని ఇష్టమొచ్చినట్టు మోగిస్తూ పరిగెత్తుతున్నారు. ఎవరూ సంబరంగా లేరు. ఇంకో వారంలో తామంతా కిటికీ లేని గదుల్లో ఉంటామని అందరికీ తెలుసు. మూటలు కట్టడం అప్పుడే మొదలైంది.

నేను గడ్డివామి వెనకే ఉన్నాను. ఎక్కడికెళ్ళాలో తెలీక.

అప్పుడు కొండవాలు మీద అది కనిపించింది. అలవాటైన గుమ్మానికి అలవాటైన దారిలో వస్తోంది. మొదటి నెగడు చూసి ఆగింది. గంటలు మోగాయి. బుద్రన్న మండుతున్న కొరివి గిరగిరా తిప్పి విసిరాడు. అది దాని ముందు పడి నిప్పురవ్వలు లేచాయి. చిరుత చెవులు పుర్రెకి అంటుకుపోయాయి, పొట్ట నేలకి ఆనింది. నా చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి.

'చిరుత. దూరం యాభై ఎనిమిది. బెదురు తొంభై నాలుగు. గుమస్తా మందాకిని గారూ, ఇది అనర్హమైన బొమ్మ. ఇందులో పదమూడు చోట్ల నిప్పు కనిపిస్తోంది. దీన్ని పంపితే గ్రామానికి హాని జరగవచ్చు. చెరిపివేయమని సలహా ఇస్తున్నాం. పంపాలా?'

చిరుత తిరిగి కొండ ఎక్కిపోయింది. ఎక్కుతూ రెండుసార్లు వెనక్కి చూసుకుంది.

కెమెరా పట్టుకుని మంగులమ్మ దగ్గరికి నడిచాను. నా దగ్గర రెండు వాదనలు ఉన్నాయి, పంపాలని ఒకటి, వద్దని ఒకటి. రెండూ బాగానే ఉన్నాయి. ఏదీ చెప్పలేదు. బొమ్మ చూపించాను. కళ్ళు ఆనవు కాబట్టి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"బెదిరినాదా?"

"బెదిరింది."

"బాగా?"

"బాగా, అత్తా. తొంభై నాలుగు."

"వొందకి ఆరు తక్కువ," అంది. కెమెరా తిరిగి నా చేతిలో పెట్టింది. "పంపు. ఆ గోడల మీద అది కూడా ఎట్టుకోమను."

పంపాను.

నిలబడి ఉన్నాను.  ఆవిడ నా వైపు చూడకుండానే బిడ్డని ఇటు నుంచి అటు మార్చుకుని, కాలితో ఒక పీట నెట్టింది. పొగ తిరిగే వైపుకి.

కూర్చున్నాను.